రంగం నుంచి నడిచొచ్చిన ఉలి

ఇలా దగ్గరికి జరగండర్రా, మంచు దిగుతోంది. ఆ మూల గోనెసంచిలో వేప ముక్కలున్నాయి, నాలుగు తెచ్చి వెయ్యండి, ఆ పొగకి దోమలు కూడా పోతాయి. చిత్రిక పొట్టు ఓ గుప్పెడు వేస్తే మంట గబుక్కున అందుకుంటుంది. ఒరే, ఆ పొడుగుముక్క వద్దురా, అది టేకు. కాలితే తోలు వాసన కొడుతుంది. పైగా పీట కాలికి పనికొస్తుంది. ఇలా ఇచ్చెయ్యి.

అమ్మడూ, సాయంత్రం నువ్వు సెల్లులో చూపించిన కుర్చీ బొమ్మ నాకు నచ్చింది. గీత బాగా సాగింది. మీ కాలేజీలో బాగానే నేర్పుతున్నారు. కాని ఇందులో కూర్చునేదెవరే అని నేనడిగితే, ఎవరైనా కూర్చోవచ్చు తాతయ్యా అన్నావు. అప్పట్నుంచీ మా నాన్న గుర్తొస్తున్నాడు. మీ ముత్తాత. ఆయన దగ్గరికి ఎవరొచ్చి కుర్చీ కావాలన్నా మొదట అడిగేది అదే, కూర్చునేదెవరని. ఏ కర్ర, ఎంత ఖర్చు, ఎన్నాళ్ళు పడుతుంది, ఇవన్నీ తరవాత. ఆ ప్రశ్న ఆయనకి ఎక్కడ అబ్బిందో చెప్తాను, వినండి.

నా చిన్నతనంలో మన ఊళ్ళో కుర్చీలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కరణంగారి అరుగు మీద ఉండేవి, మునసబుగారింట్లో ఒక పడక్కుర్చీ, బడిలో పంతులుగారికొకటి. మిగతా ఊరంతా పీటలు, చాపలు, నులకమంచాలు. వడ్రంగి పనంటే నాగలి, కాడి, గొర్రు, బండి చక్రం, ద్వారబంధం, రోకలి. ఆ పనికి విడిగా డబ్బు లేదు. పంట నూర్చినప్పుడు కళ్ళంలోనే మా మేర కొలిచి ఇచ్చేవారు, ఆ గింజలతోనే ఏడాదంతా గడవాలి. కుర్చీ, బీరువా, పందిరి పట్టెమంచం, భోషాణం మేర కిందికి రావు. వాటికి రొక్కం ఇచ్చేవారు. అందుకే అలాంటి పని దొరికితే ఇంట్లో పండగే.

అయితే ఇందులో ఒక చిక్కుంది, మీరెవరూ ఊహించలేరు. కుర్చీ చేసే మనిషి నేలమీద కూర్చుని పనిచేసేవాడు. కర్రని అరికాలి కింద తొక్కిపెట్టి చిత్రిక పట్టేవాడు. ఇంటికెళ్ళి పీటమీద కూర్చుని తినేవాడు. చేసిన కుర్చీని నెత్తిన పెట్టుకెళ్ళి పెద్దవాళ్ళ అరుగు మీద దించి, పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. తాను చేసిన దాంట్లో ఒక్కసారైనా కూర్చునేవాడు కాదు. కూర్చోనిచ్చేవాళ్ళు కారు. మరి అది నడుముకి ఎక్కడ ఆనుతుందో, తొడ కింద ఎక్కడ నొక్కుతుందో వాడికెలా తెలియాలి? ఏదో పాత కుర్చీ చూసి, అదే కొలతకి ఇంకోటి దించేవాడు. దొరల కాళ్ళకి సరిపోయే పద్దెనిమిది అంగుళాల ఎత్తు అలాగే మన ముసలివాళ్ళ కిందికి వచ్చిపడింది. పాదాలు నేలకానక, కాళ్ళు తిమ్మిరెక్కి, ‘ఈ కుర్చీలు మనకి పడవు’ అని వాళ్ళు మళ్ళీ అరుగు మీదే కూర్చునేవారు. తప్పు వాళ్ళ కాళ్ళది కాదు, కొలతది.

మా నాన్నకి ఈ సంగతి తెలిసింది రంగంలో. రంగమంటే రంగూను, ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. బర్మాని ఇండియా నుంచి విడదీసింది 1937లో. అంతకుముందే మా నాన్న కాకినాడలో ఓడెక్కాడు. అప్పట్లో మన తీరంలో పొలం లేనివాడికీ, అప్పులపాలైనవాడికీ రంగమే దారి. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి జనం ఓడలకొద్దీ పోయేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో బస్తాలు మోసేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. కోరంగి రేవు పేరుమీద వాళ్ళందర్నీ కోరంగీలనేవారట.

మా నాన్న కూడా మొదట మోత పనే చేశాడు, కోతమిల్లులో దుంగలు దొర్లించే పని. అక్కడే టేకు సంగతి కళ్ళారా చూశాడు. పచ్చి టేకు దుంగ నీళ్ళలో మునుగుతుంది, తెలుసా? అందుకని బర్మా అడవుల్లో చెట్టు నిలబడి ఉండగానే మొదట్లో చుట్టూతా బెరడూ తెల్లచెక్కా తెగేదాకా గాటుపెట్టి వదిలేసేవారు. చెట్టు రెండు మూడేళ్ళు నిలువునా ఎండేది. అప్పుడు నరికి, ఏనుగులతో లాగించి, ఏట్లో పడేస్తే తేలుతూ వచ్చేది. ఒక చెట్టు కోసం అన్నేళ్ళు ఆగే మనుషులుంటారా అని మా నాన్న ముందు ఆశ్చర్యపోయాడట. అంత ఆగారు కాబట్టే ఆ కర్ర అంత నమ్మకంగా ఉండేదని తరవాత అర్థమైంది.

ఆ కోతమిల్లుకి పలకలు కొనడానికి చీనా వడ్రంగులు వచ్చేవారు. కాంటన్ వైపు నుంచి వలస వచ్చిన వడ్రంగులు రంగూన్లో చాలామందే ఉండేవారు. వాళ్ళలో ఒక మేస్త్రి మా నాన్న చేతివాటం చూసి తన కొట్టుకి రమ్మన్నాడు. ఇద్దరికీ కలిసిన భాష లేదు. నాలుగు బర్మా మాటలు, మిగతాదంతా చేతులే. వాళ్ళ చిత్రికకి అడ్డంగా ఒక పిడి ఉంటుంది, రెండు చేతులా పట్టుకుని ముందుకి తొయ్యాలి. పని బల్లమీదే గాని నేలమీద కాదు. మా నాన్నకి నడుము నిటారుగా పెట్టి పనిచెయ్యడం అక్కడే అలవాటైంది.

నేర్చుకున్నవాటిలో అసలైంది ఇది. ఆ కొట్టులోంచి ఏ కుర్చీ బయటికి పోవాలన్నా, దాన్ని చేసినవాడు ముందు అందులో కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే చాలదు. వెనక్కి వాలాలి, పక్కకి ఒరగాలి, లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. మా నాన్న మొదటి కుర్చీ చేసినప్పుడు మేస్త్రి ఆయన్ని కూర్చోబెట్టి, మోకాలి మడత వెనక, పలక అంచుకీ పిక్కకీ మధ్య తన మూడు వేళ్ళు దూర్చాడట. వేళ్ళు దూరలేదు. ఏమీ అనకుండా అంచు మీద బొగ్గుతో గీత గీసి, రంపం చేతికిచ్చాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా నాన్న తన మూడు వేళ్ళూ ఎత్తి చూపించేవాడు. పలక లోతెక్కువైతే అంచు పిక్కల్ని నొక్కుతుంది, కూర్చున్నవాడు ముందుకి జరుగుతాడు, నడుముకి ఆనుకునే చోటు పోతుంది. కుర్చీకి ఎంత మంచి వీపు పెట్టినా వృథాయే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. తరవాతి మార్చికల్లా ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. మనవాళ్ళు లక్షల్లో ఇంటిదారి పట్టారు. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే. మా నాన్న ప్రోమ్ దాకా రైల్లో పోయి, అక్కణ్ణుంచి అరకాన్ కొండలు నడిచి దాటి టౌంగప్ చేరాడు. తాగడానికి నీళ్ళు లేవు, దారంతా కలరా. పక్కన నడుస్తున్నవాడు కూర్చుంటే మళ్ళీ లేస్తాడన్న నమ్మకం లేదట. టౌంగప్ నుంచి పడవలో అక్యాబ్, అక్కణ్ణుంచి ఓడలో చిట్టగాంగ్, తరవాత రైళ్ళు మారుతూ సామర్లకోట. ఇల్లు చేరేసరికి ఒంటిమీద పంచె, గుడ్డలో చుట్టిన ఇనుములు మిగిలాయి. అవంటే ఉలులు, చిత్రిక ఆకు. చిత్రిక మాను అక్కడే పారేశాడు. ‘మాను ఎక్కడైనా చేసుకోవచ్చు, ఇంత మంచి ఉక్కు ఎక్కడ దొరుకుతుంది’ అనేవాడు. ఇదిగో, నా పక్కనున్న ఈ వెడల్పాటి ఉలి వాటిలోదే. సానబట్టీ సానబట్టీ సగమైంది.

నేను ఆయన దగ్గర పనిలోకి దిగేటప్పటికి మనకి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. బొమ్మ గియ్యడం, కొలవడం, కొయ్యడం ఏవీ ముందు నేర్పలేదు. ఉలి సానబట్టడమే పని. ముందు వెనకవైపు అద్దమంత చదును చెయ్యాలి, అది చదునుగా లేకపోతే ముందువైపు ఎంత నూరినా పదును రాదు. ముందువైపు ఏటవాలు ఎంతుండాలో అంకెలు చెప్పేవాడు కాదు. ఉలి ఎంత మందమో దానికి రెట్టింపు పొడుగు వాలు. తుమ్మ, చండ్ర వంటి గట్టి కర్ర మీద పనైతే వాలు కొంచెం తగ్గించాలి, లేకపోతే అంచు విరుగుతుంది. టేకు మెత్తగానే తెగుతుంది గాని దాని ఒంట్లో ఇసుకంటి పదార్థం ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. పూటకి ఎన్నిసార్లైనా సానరాయి దగ్గరికి పోవాల్సిందే. మొండి ఉలితో పనిచేసేవాడు బలం ఎక్కువ పెడతాడు, బలం పెట్టినవాడి ఉలే చెయ్యి జారుతుంది. దెబ్బలన్నీ మొండి ఉలి తగిలించేవే.

తరవాత కర్ర. కాలవ పడవలో ధవళేశ్వరం దాకా పోయి, రాజమండ్రి గోదారి ఒడ్డున దుంగలు చూసేవాళ్ళం. పడవని ఒడ్డున మనుషులు తాడు పట్టి లాగేవారు, లాకుల దగ్గర నీళ్ళు నిండేదాకా ఆగాలి. ఏజెన్సీ అడవుల్లో కొట్టిన కర్ర వెదురు కట్టలతో కలిపి తెప్పలు కట్టి గోదారి మీద వదిలేవారు. ఆ తెప్పలు ఒడ్డుకొచ్చిన రోజున రేవంతా పచ్చి కర్ర వాసనే. మా నాన్న దుంగకి ఒక చివర సుత్తితో కొట్టమని, రెండో చివర చెవి ఆనించి వినేవాడు. బోలుగా ఉంటే తెలిసిపోయేది. కోసిన మొహం చూసేవాడు. గుండె నడిమధ్యన ఉందా, పక్కకి జరిగిందా? జరిగితే ఆ చెట్టు ఏటవాలుగా పెరిగిందని అర్థం, దాని పలకలు ఎంత ఎండబెట్టినా మెలికలు తిరుగుతాయి. చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అని చూసేవాడు. చెదలు ముందు పట్టేది తెల్లచెక్కనే.

దుంగని ఊరికి తెచ్చాక కోతగుంట మీద పెట్టి ఇద్దరు కోసేవారు. పైనున్నవాడు గీత చూసుకుంటాడు, గుంటలో ఉన్నవాడు రంపం లాగుతాడు, పొట్టంతా వాడి మొహం మీదే. నేను గుంటలోనే పెరిగాననుకోండి. కోసిన పలకల్ని నీడలో, మధ్యమధ్య బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చేవాళ్ళం. చివర్లకి పేడ పూసేవాళ్ళం. కర్రలోని తడి చివర్లనుంచే ముందు పోతుంది, అలా పోనిస్తే చివర పగుళ్ళు వస్తాయి. అంగుళం మందానికి ఏడాది ఎండాలన్నది లెక్క.

నువ్వు శ్రద్ధగా వినాల్సింది ఇక్కడ్నించి, అమ్మడూ. రోహిణి కార్తెలో ఒక రోజు మా నాన్న అడుగు వెడల్పు పలక ఒకటి తెచ్చి గోడకానించి, రెండు అంచుల దగ్గరా బొగ్గుతో గుర్తులు పెట్టాడు. పొడుగు మీదా అలాగే పైనా కిందా గుర్తులు. ‘శ్రావణంలో చూద్దాం’ అన్నాడంతే. వానలు పట్టి, తలుపులన్నీ బిగుసుకుపోయే రోజులొచ్చాక ఆ పలక తీసుకొచ్చి అదే గుర్తుల మధ్య పెట్టమన్నాడు. పొడుగు సరిగ్గా సరిపోయింది. వెడల్పులో పట్టలేదు. అంగుళంలో ఎనిమిదో వంతు దాకా పెరిగింది. చెట్టు నరికి ఏళ్ళైనా కర్ర గాలిలో తడి పీల్చుకుంటుంది, ఎండకి వదులుతుంది. నార వెంబడి కదలదు, నారకి అడ్డంగా కదులుతుంది. అందులోనూ దుంగ పక్కభాగంలోంచి తీసిన పలక ఎక్కువ కదులుతుంది, గుండెకి నిలువుగా కోసిన పలక తక్కువ కదులుతుంది. పక్కపలక వంగితే బెరడు వైపు గుంటపడుతుంది. ఏ వైపు వంగుతుందో ముందే తెలుసుగనక, పలకలు పక్కపక్కన అతికేటప్పుడు దాని మొహం ఎటు పెట్టాలో ముందే నిర్ణయించుకోవాలి. నువ్వు బొమ్మ గీసేటప్పుడే నీ గీతల్లో ఈ కదలిక ఉండాలి.

మన పక్క ఊళ్ళో ఒక కలిగినవారింట్లో పట్నం నుంచి చేయించి తెచ్చిన భోజనబల్ల ఉండేది. పైన వెడల్పాటి పలకలు, కింద చట్రం, రెంటినీ మేకులతో బిగదీసి, జిగురు కూడా పెట్టారు. మొదటి ఎండాకాలం మధ్యాహ్నం తుపాకీ పేలినంత చప్పుడుతో నడిమికి పగిలిందట. బాగుచెయ్యమని మా నాన్నని పిలిచారు. ఆయన పగిలిన చోట తాకకుండా ముందు మేకులన్నీ పీకాడు. చట్రానికి లోపలివైపు గాడి తీసి, చిన్నచిన్న చెక్కబిళ్ళలు చేసి, వాటి ఒక అంచు గాడిలో దూరేలా, రెండో వైపు మరతో బల్లకి అంటేలా అమర్చాడు. బల్ల పెరిగినా తరిగినా బిళ్ళలు గాడిలో జరుగుతాయి, బల్లని మాత్రం కిందికి పట్టి ఉంచుతాయి. ఆ తరవాతే పగులు అతికాడు. ఆ బల్ల మళ్ళీ పగల్లేదు. బీరువా తలుపు చూడు, మధ్య పలక చుట్టూ చట్రం గాడిలో ఊరికే నిలబడి ఉంటుంది. దానికి జిగురు పెట్టకూడదు. పెట్టినవాడు తలుపుని చంపినట్టే.

ఇక కుర్చీ. వడ్రంగంలో అన్నిటికంటే కష్టమైన పని అదే అని నేనిప్పటికీ అంటాను. బీరువా ఒకచోట నిలబడి ఉంటుంది. మంచం మీద మనిషి పడుకుని ఉంటాడు. కుర్చీలో మాత్రం కూర్చుంటాడు, వాలతాడు, వెనక కాళ్ళమీద ఊగుతాడు, దాన్ని ఈడుస్తాడు, పిల్లవాడైతే పైకెక్కుతాడు. వాలిన బరువంతా పక్కపట్టె చివర సన్నగా చెక్కిన కుసి వెనక కోడులో, అంటే వెనక కాల్లో దూరిన చోట పడుతుంది. ఆ కుసి ఊడిందా, కుర్చీ పోయినట్టే. అందుకని కర్ర మందంలో మూడోవంతు కుసికి వదలాలి. సన్నమైతే కుసి విరుగుతుంది, లావైతే గాడి గోడలు పగులుతాయి. బిగించడానికి వెదురు చీల. దాని కిటుకు రంగంలో నేర్చుకున్నదే. మొదట కోడుకి బెజ్జం వేస్తాం. కుసి దూర్చి, ఆ బెజ్జంలోంచి కుసి మీద గుర్తుపెట్టి బయటికి తీస్తాం. కుసికి బెజ్జం సరిగ్గా ఆ గుర్తు మీద వెయ్యకూడదు. వెంట్రుకవాసి వెనక్కి, కుసి మొదలు వైపు జరిపి వెయ్యాలి. మళ్ళీ దూర్చి చీల కొడితే, సరితూగని ఆ రెండు బెజ్జాల మధ్య చీల ఇరుక్కుని కుసిని కోడులోకి లాక్కుంటుంది. తరవాత జిగురు ఉన్నా లేకపోయినా ఒకటే. అప్పటి జిగురు కూడా తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసింది. ఇలాంటి మంట మీదే గిన్నెలో నీళ్ళు పోసి, అందులో జిగురు గిన్నె పెట్టి, తేనెలా సాగేదాకా కాచేవాళ్ళం. ఆ కంపుకి మా అమ్మ తిట్టేది. ఫెవికాల్ వచ్చింది 1959లో. మన ఊరికి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అది డబ్బాలో సిద్ధంగా వచ్చేసరికి మా జిగురు గిన్నె అటకెక్కింది. అందుకు నేను బాధపడలేదు.

బొమ్మ ఎలా గీసేవాడో చెప్పలేదు కదూ. కాగితం మీద కాదు. పేడతో అలికిన నేలమీద, ముగ్గుపిండితో, కుర్చీ ఎంతుంటే అంత బొమ్మ, పక్కనుంచి చూసినట్టు. గీత గీసింది మా నాన్న కాదు, మా అమ్మ. ముగ్గు వేసే చెయ్యి గనక ఆమె వంపు ఆగకుండా, వణకకుండా ఒక్క ఊపులో లాగేది. మా నాన్న పక్కన నిలబడి, ‘వీపు ఇంకొంచెం వాలనీ, కింద నడుము దగ్గర ముందుకి రానీ’ అని చెప్పేవాడు. సరిపోయాక కర్రని ఆ ముగ్గు మీదే పడుకోబెట్టి గుర్తులు పెట్టుకునేవాడు. ఏ కోణానికీ లెక్క కట్టక్కర్లేదు, కోణం నేలమీదే ఉంది. కుర్చీ ఇలా ఉండాలని చెప్పింది మా నాన్నైతే, ఆ వంపు పుట్టింది మా అమ్మ చేతిలో. ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ తెలీదు, ఆమె కూడా చెప్పుకోలేదు. నేను చెప్తున్నాను, గుర్తుపెట్టుకోండి.

ఒకసారి ఒక పెద్దమనిషి చేతుల కుర్చీ చెయ్యమన్నాడు. పేరెందుకులెండి. మంచి జిట్రేగి కర్ర ఆయనే పంపించాడు. కుర్చీ అయ్యింది. పని ఎంతవరకొచ్చిందో చూద్దామని ఆయన చెప్పకుండా పాక దగ్గరికి వచ్చాడు. ఆ వేళకి మా దగ్గర పనిచేసే కుర్రాడు అందులో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు, మా నాన్న వాడి మోకాళ్ళ వెనక మూడు వేళ్ళు పెట్టి చూస్తున్నాడు. ఆ పెద్దమనిషి మొహం ఎర్రబడింది. నా కుర్చీలో వీణ్ణి కూర్చోబెడతావా అన్నాడు. మా నాన్న లేచి నిలబడి, ‘బాబుగారూ, ఎవరూ కూర్చోకుండా ఇస్తే అది సరిగ్గా ఉందని మీకు నేనెలా చెప్పనండి?’ అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. ఆ కుర్చీ నాకొద్దని వెళ్ళిపోయాడు. కర్ర ఖరీదు కట్టి తీర్చడానికి మాకు రెండు పంటల మేర పోయింది. ఇంట్లో గంజితో గడిచిన రోజులున్నాయి. మా నాన్న మాత్రం ఆ పద్ధతి మానలేదు.

కాని ఆ కుర్చీ పాకలో ఉండిపోవడమే మాకు చదువైంది. నాగలి బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతు, కూలివాడు, చాకలి, చేపలమ్మే ఆమె, ఎవరొచ్చినా మా నాన్న ఆ కుర్చీ చూపించి కూర్చోమనేవాడు. ముందు భయపడేవారు. కొందరు అంచున అలా ఆని లేచిపోయేవారు. రానురానూ అలవాటైంది. ఆయన పనిచేస్తూ ఓరకంట చూస్తుండేవాడు. ఏం కనిపించిందో తెలుసా? మనవాళ్ళు కుర్చీలో కాళ్ళు కిందికి వేలాడేసి ఎక్కువసేపు కూర్చోరు. కాసేపటికి ఒక కాలు పైకొస్తుంది. ఇంకాసేపటికి రెండోదీ పైకొచ్చి బాసింపట్టు పడుతుంది. చేతుల కుర్చీ ఇరుకుగా ఉంటే మోకాళ్ళు చేతులకి తగిలి మళ్ళీ దించుతారు. దాంతో తరవాత చేసిన కుర్చీలకి పలక వెడల్పు రెండడుగులకి పెంచాడు, ఎత్తు పదిహేను అంగుళాలకి దించాడు, చేతుల్ని బయటికి జరిపాడు. కాళ్ళు ముడుచుకు కూర్చోవచ్చు, దించీ కూర్చోవచ్చు. ఆ కుర్చీల కోసం మండపేట నుంచి, రామచంద్రపురం నుంచి కూడా వచ్చేవారు.

నేను సొంతంగా మొదట చేసింది మా అమ్మకి. నేలమీద కత్తిపీట ముందు కూర్చుని కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టేశాయి. లేవాలంటే గోడ పట్టుకోవాలి. కుర్చీ చేస్తానంటే వద్దు, ఆడదాన్ని, వంటింట్లో కుర్చీ ఏంటి అంది. ఆమె చెప్పే మాట పక్కనబెట్టి రెండు రోజులు ఆమెనే చూశాను. లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుంటుంది, ముందుకి వంగుతుంది, చేతులతో దేన్నో నొక్కుతుంది. కుర్చీ ముందు అడ్డపట్టె ఉంటే పాదాలు వెనక్కి పోవు. అందుకని ముందు అడ్డపట్టె తీసేసి, ఆ బలాన్ని పక్కపట్టెలకి, మధ్యలో ఇంకో పట్టెకి ఇచ్చాను. చేతుల్ని పలక అంచు కంటే ముందుకి సాగదీసి, చివర గుప్పిట పట్టుకునేలా గుండ్రంగా చెక్కాను. ఎత్తు ఆమె మోకాలి మడతకి కొలిచి పెట్టాను. ఒళ్ళో చేట పట్టేలా వెడల్పు. పలకకి బదులు పేము అల్లించాను, వేసవిలో చెమట పట్టదు. దాని బొమ్మ ముగ్గుతో వేసింది మళ్ళీ ఆమే, ఎవరికో తెలియకుండా. ఇది ఎవరికిరా, పొట్టిగా ఉంది అంది. అందులోనే ఆమె చివరిదాకా కూరగాయలు తరిగింది, బియ్యం ఏరింది, మనవళ్ళని ఒళ్ళో వేసుకుంది.

ఇప్పటి కర్ర సంగతి వేరు. గోదారి మీద ఆ తెప్పలు లేవు. బర్మావాళ్ళు 2014 ఏప్రిల్ నుంచి దుంగలు బయటికి పంపడం ఆపేశారు. మన కోతమిల్లులకి ఘనా నుంచి, ఈక్వడార్ నుంచి తోటల్లో పెంచిన టేకు వస్తోంది, లేతది, చేవ తక్కువ. ప్లైవుడ్‌ని నేను తప్పుపట్టను. పొరమీద పొర నారలు ఒకదానికొకటి అడ్డంగా అతికారు గనక అది కదలదు. గోడమీద మా నాన్న పెట్టిన బొగ్గు గుర్తులు తెలిసినవాడెవడో దాన్ని కనిపెట్టి ఉంటాడు. పొట్టు అచ్చుపోసిన బోర్డు మాత్రం నీళ్ళు తగిలితే అంచులు ఉబ్బిపోతుంది, వంటింట్లోకి తేవద్దు.

నీకు మంచి కర్ర కావాలంటే పాత ఇళ్ళే దిక్కు. నూరేళ్ళు కప్పు మోసిన దూలంలో ఇంక ఎండేదేమీ ఉండదు. మన రథం వీధి చివర పెంకుటిల్లు విప్పుతున్నారని విన్నాను. రేపు తెల్లవారాక వెళ్దాం. టేపు తెచ్చుకో, అయస్కాంతం ముక్క కూడా ఉంచుకో. పాత దూలాల్లో మేకులు విరిగి లోపల దాక్కుంటాయి, రంపం పళ్ళు పోతాయి. చెదలు తిన్నాయేమో కొనలు సుత్తితో కొట్టి చూద్దాం. బేరం నేనాడతాను, నువ్వు ఒక మూల ఉలితో చెక్కి రంగు చూడు.